మెట్ల మీద లైటు

పోయిన వారం మనం ప్రొఫెసర్ గారిని కాలేజీలో ఆవిడ గది గుమ్మంలో, తాళంచెవి చేతిలో పట్టుకుని ఉండగా వదిలేసి ఎవరి పనికి వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, అప్పటినుంచి అక్కడే నిలబడి ఉన్నారు. లోపల ఆవిడ టేబులుకు ఎదురుగా ఉన్న కుర్చీలో, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పళ్ళ డాక్టరు కూర్చుని ఉన్నాడు.

కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకు వెళతాను. ప్రొఫెసర్ గారు మర్యాద మీద పరిశోధన చేసే మనిషి. జనం ఒకరినొకరు ఎలా అడుగుతారు, ఎలా కాదంటారు, కోపాన్ని ఏ మాట కింద దాచిపెడతారు అన్నది ఆవిడ చదువు. ఇలాంటి పనికి కూడా జీతం ఇస్తారా అని ఆవిడ అక్క ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది. టికెట్ కిటికీల పక్కన, ఆస్పత్రి వరండాల్లో, కొట్లలో చిన్న రికార్డరు పెట్టుకుని కూర్చుని ఆవిడ తల నెరిసింది. చీమ అడ్డమొచ్చినా "కొంచెం జరుగుతారా అండీ" అంటారని పిల్లలు ఆవిడకి 'అండీ మేడమ్' అని పేరు పెట్టారు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, పైగా కొంచెం ముచ్చట కూడాను.

అలా కూర్చున్న కొట్లలో ఒకటి కళ్ళజోళ్ళ షాపు. అక్కడ ఫ్రేములు బిగించే అమ్మాయి దగ్గరికి అప్పుడప్పుడు ఆమె భర్త వచ్చి రెండు మాటలు మాట్లాడి వెళ్ళేవాడు. ఆయనే ఈ పళ్ళ డాక్టరు. భార్యని "మీరు" అని తప్ప పిలవడు. గొంతు పెంచగా విన్నవాడు లేడు. ఆయన్ని చూసి నేర్చుకోమని ఆ వీధిలో ఆడవాళ్ళు తమ మొగుళ్ళకి చెబుతారు. కానీ ఆయన వచ్చి వెళ్ళిన ప్రతిసారీ ఆ అమ్మాయి చేతిలోని స్క్రూడ్రైవరు గాజు బల్ల మీద గిలగిలా కొట్టుకునేది. ఆ చప్పుడు టేపులో విని, ఇదేమిటి అని ఆగిన మొదటి మనిషి మన ప్రొఫెసర్ గారు.

ఇప్పుడా అమ్మాయి ఇల్లు వదిలి వచ్చేసింది. ఆయన్ని తన దరిదాపులకి రానివ్వొద్దని కోర్టుకి ఎక్కింది. రేపే విచారణ. చేతిలో ఉన్న సాక్ష్యం, ఆయన ఆమె ఫోనులో వదిలిన మాటలు మాత్రమే. "మీరు ఎంత ఆలస్యంగా వచ్చినా పర్వాలేదండీ. మీ కోసం మెట్ల మీద లైటు వేసే ఉంచుతాను." వినండి, ఇందులో తప్పు పట్టడానికి ఏముంది? ఏమీ లేదు. కాకపోతే ఒకసారి ఆ అమ్మాయి మెట్లు దిగుతూ సగంలో ఉండగా ఆ లైటు ఆరిపోయింది. కింద పడి మణికట్టు విరిగింది. స్విచ్ దగ్గర ఎవరు నిలబడి ఉన్నారో ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరి మధ్య లైటు అన్న మాటకి వెలుతురు అని అర్థం కాదు. ఆ సంగతి రేపు జడ్జిగారికి విప్పి చెప్పాల్సింది ప్రొఫెసర్ గారే. ఆవిడ చెప్పలేకపోతే వేరే దిక్కులేక ఆ అమ్మాయి ఆ ఇంటికే తిరిగి వెళ్ళాలి.

అంతవరకూ అమ్మాయిని దాచిన చోటు ముగ్గురికే తెలుసు. మీ దగ్గర దాపరికం ఎందుకు, అది ప్రొఫెసర్ గారి అక్క ఇల్లు.

ఇక గదిలోకి పదండి.

ఆవిడని చూడగానే డాక్టరు లేచి నిలబడ్డాడు. ఆయన్ని 'డు' అంటున్నందుకు నాకే ఏదో అపరాధంగా ఉంది, ఆయన మహిమ అలాంటిది.

"క్షమించాలి మేడమ్. చెప్పకుండా వచ్చాను. మీ గుమాస్తాగారు లోపల కూర్చోమన్నారు. మీరు వద్దంటే బయట నిలబడతాను. నాకేం ఇబ్బంది లేదు."

"పర్వాలేదండీ, కూర్చోండి."

ఆ మాట ఆవిడ అనలేదు, దానంతట అదే జారిపోయింది. ఇంటికి దొంగ వచ్చినా ముందు మంచినీళ్ళు కావాలా అని అడిగే నోరు అది. ఆవిడ తలుపు తీసే ఉంచి, టేబులుకి ఇవతల వైపు కూర్చున్నారు.

గుమాస్తా రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చాడు. ఈ డిపార్టుమెంటులో గుమాస్తా ఎవరికైనా అడక్కుండా టీ తేవడం ఎవరూ చూడలేదు.

"ఎంత మంచాయన మేడమ్! నా వెనకాల పన్ను చూసి, ఆదివారమైనా సరే రమ్మన్నారు. ఫీజు మాటెత్తితే చెవులు మూసుకున్నారు."

"మీరు బాధ భరిస్తూ పని చేస్తున్నారు. అది చూస్తూ ఊరుకోలేక అన్నాను అంతే," అన్నాడు డాక్టరు. గుమాస్తా కరిగి నీరై బయటికి ప్రవహించాడు.

టేబులు మీద ఎప్పుడూ ఉండే రికార్డరు వైపు ప్రొఫెసర్ గారి చెయ్యి వెళ్ళింది. దాన్ని నొక్కితే చాలు. రేపు కోర్టులో ఇంకేమీ అక్కర్లేదు, ఈ మనిషి గొంతే సాక్ష్యం చెబుతుంది. కానీ ఇన్నేళ్ళలో ఎదుటివాళ్ళని అడక్కుండా ఒక్క మాటైనా ఆవిడ రికార్డు చేసి ఎరగరు. కూరగాయలమ్మేవాళ్ళని అడిగారు, మంత్రులని అడిగారు, పసిపిల్లల విషయంలో వాళ్ళ తల్లులని అడిగారు. ఆ అలవాటు ఎముకల్లోకి దిగిపోయింది.

"ఇది ఆన్ చేస్తున్నానండీ. మీకు అభ్యంతరం లేదు కదా?" అని అడిగారు.

ఆయన్ని కూడా అడిగారు!

"మీ ఇష్టం మేడమ్," అన్నాడు ఆయన నవ్వుతూ. "మీ గది, మీ పని. నేనెవర్ని వద్దనడానికి? మీ పుస్తకం చదివాను. చాలా బాగుంది. 'మీ ఇష్టం' అన్నవాడు ఒప్పుకున్నట్టు కాదు, వాడికి వద్దని చెప్పే ధైర్యం లేదంతే, అప్పుడు యంత్రం ఆపేయాలి అని మీ విద్యార్థులకి రాశారు చూడండి, ఆ పేజీ నాకు ఎంతో నచ్చింది."

ఆవిడ చెయ్యి వెనక్కి వచ్చేసింది. రికార్డరు ఎర్ర దీపం వెలగలేదు. తన కంచె తన చేనునే మేసేసిందని ఆవిడకి అర్థమయింది. అర్థమయినా ఆ వేలు ముందుకి కదలలేదు.

డాక్టరు టీ అందుకుని, పుస్తకాల అరలో పెట్టిన ఫోటో వైపు చూశాడు. బాల్కనీలో నిలబడి, రెండు చేతుల్లో రెండు పిల్లుల్ని ఎత్తుకుని నవ్వుతున్న ముసలావిడ. వెనక పట్టాల మీద ఇనప వంతెన.

"మీ అక్కగారై ఉండాలి. నవ్వు అచ్చంగా మీదే."

"అవునండీ."

"ఎక్కడో చూసినట్టుంది..."

"చూసి ఉండరు, విని ఉంటారు. స్టేషన్లో అనౌన్సరుగా చేసి రిటైరయింది," అన్నారు ప్రొఫెసర్ గారు. అక్క మాట వస్తే ఆవిడకి ఎప్పుడూ కొంచెం గర్వం. అసలు మాట మొదలయ్యేలోగా ఈ పిచ్చాపాటీ ఎంతసేపు సాగితే అంత మంచిదనిపించింది కూడా.

డాక్టరు కప్పు కింద పెట్టాడు. సాసరు చప్పుడు కూడా కాలేదు.

"మీరు రేపు కోర్టుకి వస్తున్నారట."

"వస్తున్నానండీ." ఆవిడ కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "చూడండి, నేను ముందే చెప్పేస్తాను. ఆ అమ్మాయి ఎక్కడుందో నేను చెప్పను. ఎలా అడిగినా చెప్పను."

"అయ్యో, అడగనండీ. అడిగితే మీరు ఇబ్బంది పడతారు. ఆవిడ మీ దగ్గర క్షేమంగా ఉన్నారు, నాకు అది చాలు. నాకు ఎటొచ్చీ ఒక్కటే బెంగ." ఆయన కిటికీ వైపు చూశాడు. "నిద్ర. పక్కింట్లో గిన్నె పడినా లేచి కూర్చుంటారు. ఏ చప్పుళ్ళ మధ్య ఉన్నారో ఏమో."

అని ఊరుకున్నాడు.

ఫ్యాను తిరుగుతోంది. ఆయన చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. రోగి నోరు తెరిచేదాకా ఓపిగ్గా ఆగిన మనిషిలా, తల కొంచెం పక్కకి వాల్చి, ఆవిడ వైపు చూస్తున్నాడు. ఆ నిశ్శబ్దం గదిలో పెరుగుతూ వచ్చింది. ఒక మనిషి బెంగ పడుతున్నానని చెప్పాక ఎదుటి మనిషి ఉలకకుండా కూర్చుంటే ఎంత మోటుగా ఉంటుంది!

"నిద్రపోతోందండీ. మొదట్లో రైలు కూసినప్పుడల్లా ఉలిక్కిపడేదట గానీ, ఇప్పుడు అలవాటైపోయింది."

"సంతోషం," అన్నాడు డాక్టరు. నిజంగానే సంతోషించినట్టున్నాడు. చూపు మెల్లిగా పుస్తకాల అర వైపు వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఆవిడకి పిల్లులు కూడా పడవండీ. బొచ్చు తగిలితే చాలు, తుమ్ములు. పాపం, రాత్రంతా ఊపిరి అందదు."

మళ్ళీ ఊరుకున్నాడు.

"మాత్రలు వేసుకుంటోందండీ. కంగారు పడకండి."

"చాలా థాంక్స్ మేడమ్. మీరు ఇంత శ్రద్ధగా చూసుకుంటున్నారు." ఆయన లేచాడు. కుర్చీని శబ్దం కాకుండా టేబులు కిందికి జరిపాడు. "ఒక్క మాట. మీకు ఎడమవైపు దవడ పన్ను నొప్పి పెడుతున్నట్టుంది. టీ అంతా కుడివైపే తాగుతున్నారు. వదిలేయకండి. నొప్పిని వదిలేస్తే అది పక్కవాటికి కూడా పాకుతుంది. రేపు కోర్టులో జాగ్రత్తండీ. అక్కడ మెట్లు ఎక్కువ. నెమ్మదిగా ఎక్కండి. ఈ వయసులో పడితే లేవడం కష్టం."

రెండు చేతులూ జోడించి, తలుపు దగ్గరగా వేసి, వెళ్ళిపోయాడు.

ఆవిడకి పై ప్రాణాలు పైనే పోయాయి. కొంతసేపటికి చిన్న ధైర్యం వచ్చింది. ఏం చేయగలిగాడు? ఏమీ చేయలేకపోయాడు. ఎక్కడుందో చెప్పనని మొహం మీదే చెప్పేశాను. పళ్ళ బిగువున అంతసేపు కూర్చుని నిలబెట్టుకున్నాను. రేపు కూడా ఇంతే, అనుకున్నారు. చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగారు. నాలుక ఎడమ పన్నుని తాకి ఉలిక్కిపడింది. అది నిజంగానే నొప్పి పెడుతోంది.

తరువాతి గంట క్లాసు.

క్లాసు మానేసి ఇంటికి పోతే ఎవరూ కాదనరు. కానీ భయపడ్డ మనిషికి రోజూ చేసే పనిని మించిన గోడ లేదు, ఆవిడ ఆ గోడ వెనక నక్కారు. ఆ రోజు పాఠం మౌనం గురించి. ఏటా చెప్పేదే. అందులో ఒక చిన్న ఆట ఉంటుంది, పై క్లాసుల వాళ్ళు దాని గురించి కింది క్లాసు వాళ్ళకి చెప్పకుండా దాస్తారు, మజా పోతుందని.

పాఠం ముప్పావు వంతు అయ్యాక, ముందు బెంచీలో కూర్చున్న పొడుగు జడ అమ్మాయి ఎదుటికి ప్రొఫెసర్ గారు వెళ్ళి నిలబడ్డారు.

"నిన్న క్లాసుకి రాలేదేం అమ్మా?"

"ఒంట్లో బాలేదు మేడమ్."

ప్రొఫెసర్ గారు మాట్లాడలేదు. తల కొంచెం పక్కకి వాల్చి, ప్రేమగా చూస్తూ నిలబడ్డారు.

"అంటే... తలనొప్పి మేడమ్."

ప్రొఫెసర్ గారు ఇంకా అలాగే చూస్తున్నారు. ముఖంలో కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"పొద్దున కాదు, మధ్యాహ్నం నుంచి. పొద్దున బాగానే ఉన్నాను."

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. అమ్మాయి చెవులు ఎర్రబడ్డాయి.

"మా ఫ్రెండు పుట్టినరోజు మేడమ్! సినిమాకెళ్ళాం. ఇదిగో వీడు కూడా వచ్చాడు!"

'వీడు' తల డెస్కు కిందికి దూర్చాడు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. ప్రొఫెసర్ గారు కూడా నవ్వారు. ఏటా ఇక్కడ ఆవిడ నవ్వుతారు, నవ్వాక అడిగే ప్రశ్న కూడా ఏటా అదే.

"నేను సినిమా గురించి అడిగానా?"

"లేదు మేడమ్."

"వీడి గురించి?"

"లేదు మేడమ్."

"మరి ఎందుకు చెప్పావమ్మా?"

అమ్మాయి జడ కొసని వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. మంచి పిల్ల, నిజం చెప్పింది.

"మీరు అలా మంచిగా చూస్తూ ఊరుకుంటే, నేనే మాట్లాడాలేమో అనిపించింది మేడమ్. మాట్లాడకపోతే మీకు మర్యాద ఇవ్వనట్టు ఉంటుందని."

ఏటా ఈ జవాబు కోసమే ఆట. ఇది రాగానే బోర్డు వైపు తిరిగి ఆవిడ ఒక వాక్యం రాస్తారు. తిరిగారు. సుద్దముక్క బోర్డుకి ఆనింది. అక్కడే ఆగిపోయింది.

ఫ్యాను తిరుగుతోంది.

ఏ చప్పుళ్ళ మధ్య ఉన్నారో ఏమో, అని ఊరుకున్నాడు. నేను రైలు కూత అన్నాను. అప్పుడు ఫోటో వైపు చూశాడు. చూశాకే పిల్లుల మాటెత్తాడు. మళ్ళీ ఊరుకున్నాడు. నేను మాత్రలు అన్నాను. అక్క స్టేషన్లో అనౌన్సరని అంతకు ముందే, అడక్కుండానే, గర్వంగా చెప్పాను. స్టేషన్ దగ్గర అక్క ఇల్లు అడిగితే రిక్షావాడి దగ్గర్నుంచి స్టేషన్ మాస్టరు దాకా చెయ్యి పెట్టి చూపిస్తారు.

నోరు తెరిపించడం ఆయన వృత్తి. ఆ మెలకువలన్నీ అచ్చు వేసి పుస్తకంగా ఆయన చేతికి ఇచ్చింది తను.

"మేడమ్? మేడమ్, ఏమైంది?"

సుద్దముక్క కింద పడి విరిగింది. ప్రొఫెసర్ గారు క్లాసుకి సెలవు చెప్పకుండా, ఎవరినీ తప్పుకోమని అడక్కుండా, తలుపు దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి పక్కకి నెట్టేసి వరండాలోకి పరుగెత్తారు. అండీ మేడమ్ ఒకరిని నెట్టడం ఆ పిల్లలు మొదటిసారి చూశారు. వాళ్ళలో కొందరికి అప్పుడే భయం వేసింది.

ఫోను మోగుతోంది. ఎత్తు అక్కా, ఎత్తు. మోగుతోంది. అక్కకి మైకుల పక్కన బతికి బతికి చెవులు అరిగిపోయాయి, ఫోను మోగేది ఆలస్యంగా వినబడుతుంది. ఎత్తినా స్పీకరు పెట్టుకునే మాట్లాడుతుంది.

"నమస్కారం. చెప్పండి," అంది అక్క. రైళ్ళు ఆలస్యమైనందుకు చింతిస్తున్నామని వేల మందికి చెప్పిన గొంతు, ఇప్పటికీ ప్రతి అక్షరం విడివిడిగా పలుకుతుంది.

"అక్కా, నేనే. తలుపు గడియ వేసి ఉందా?"

"నువ్వా! నిండు నూరేళ్ళు. ఇప్పుడే నీ మాటే అనుకుంటున్నాం."

"అనుకుంటున్నాం ఏమిటి? ఎవరున్నారు అక్కడ?"

"ఎవరేమిటే? నువ్వు పంపిన ఆయనే. హాల్లో కూర్చోబెట్టాను. టీ పొయ్యి మీద పెట్టాను."

ప్రొఫెసర్ గారు వరండా గోడ పట్టుకున్నారు. "నేనెవర్నీ పంపలేదు! ఎవరొచ్చినా తలుపు తీయొద్దని చెప్పానా లేదా?"

"ఎవరొచ్చినా తీయొద్దన్నావు గానీ, నీ దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి కూడానా? ప్రొఫెసర్ గారి గది నుంచే నేరుగా వస్తున్నాను అన్నాడు. నీ గదిలో తాగిన టీ బాగుందన్నాడు. మన రైలు గోల, పిల్లుల సంగతి, అమ్మాయి మాత్రల సంగతి, అన్నీ నువ్వు చెప్పావట కదా. కాదా?"

కాదనడానికి ఏముంది? అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఆయన ఎప్పుడూ అబద్ధం ఆడడు.

"అక్కా, విను. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్. అమ్మాయి ఎక్కడుంది?"

"డాబా మీద బట్టలు తీస్తోంది. నీ మనిషి వచ్చాడని కేకేశాను. వస్తున్నానంది. ఇదిగో, పైన తలుపు చప్పుడైంది, దిగుతోంది."

అక్క ఇంట్లో డాబా మెట్లు లోపల్నుంచే. రెండు గోడల మధ్య, నిలువుగా, ఒక్క కిటికీ కూడా లేకుండా ఉంటాయి. పట్టపగలు కూడా లైటు వేయకపోతే కాలు కనబడదు. మేస్త్రీని తిట్టుకుంటూ అక్క ఇన్నేళ్ళు గడిపింది.

"వాణ్ణి బయటికి గెంటు! కేకలు పెట్టు! పక్కవాళ్ళని పిలువు! వాడే ఆ డాక్టరు!"

"ష్! ఏమిటే ఆ మాటలు? స్పీకర్లో వినబడుతోంది ఆయనకి. ఇంటికొచ్చిన మనిషిని పట్టుకుని..." అక్క గొంతు తగ్గింది. ఆ తగ్గిన గొంతులో సిగ్గు తప్ప భయం ఇంకా లేదు. చెల్లెలు అన్న చివరి ముక్క ఆ చెవుల్లోకి పూర్తిగా దిగలేదు.

అప్పుడు ఫోనులో ఇంకో గొంతు దగ్గరగా వచ్చింది. మెత్తగా, తొందర లేకుండా.

"ప్రొఫెసర్ గారూ, మళ్ళీ శ్రమ ఇస్తున్నాను. క్షమించాలి. అక్కగారు ఎంతో ఆదరంగా చూస్తున్నారు. మీరేం కంగారు పడకండి."

జీవితమంతా మనుషులు ఏ మాట ఎప్పుడు వాడతారో రాసుకున్న ఆ పెద్దావిడకి, తను ఒక్కసారి కూడా వాడని మాటని ఆ క్షణంలో వెతుక్కోనక్కర్లేకపోయింది.

"ఒరేయ్! లే అక్కణ్ణుంచి! ఆ మెట్ల దగ్గరికి వెళ్ళావంటే ప్రాణం తీస్తాను! అమ్మాయీ, దిగకు! పైకి పో! తలుపేసుకో!"

వరండా మొత్తం మారుమోగింది. క్లాసుల్లోంచి తలలు బయటికి వచ్చాయి. ఇంక మనకి మాత్రం మొహమాటం దేనికి? నేను కూడా 'వాడు' అనే అంటాను.

కానీ ఆ కేక వినవలసిన చోటికి చేరలేదు. ఇంటికొచ్చిన పెద్దమనిషిని తన చెల్లెలు ఒరేయ్ అనేసరికి అక్కకి తల కొట్టేసినట్టయింది. ఫోనుని చప్పున అరచేత్తో మూసేసింది. చెల్లెలి అరుపులు ఆ ముసలి అరచెయ్యి లోపలే ఉండిపోయాయి.

ఇవతలికి మాత్రం వేళ్ళ సందుల్లోంచి అన్నీ వినబడుతున్నాయి. ఎక్కడో ఎత్తున ఒక అడుగు, ఇంకో అడుగు. చేతినిండా బట్టలు మోస్తూ, ఏ రైలింగూ పట్టుకోకుండా దిగుతున్న మనిషి అడుగులు. చిన్న తుమ్ము. హాల్లో కుర్చీని శబ్దం కాకుండా వెనక్కి జరిపినప్పుడు వచ్చే, చెవికి వినబడీ వినబడని చప్పుడు.

"ఏమీ అనుకోకండి బాబూ, మా చెల్లెలు ఎప్పుడూ ఇలా మాట్లాడదు," అంటోంది అక్క.

"అయ్యో, నేనేం అనుకోనండీ," అన్నాడు వాడు. "అలిసిపోయి ఉంటారు. మెట్ల మీద లైటు వెలుగుతున్నట్టుంది. పట్టపగలు కరెంటు దండగ కదండీ. మీరు లేవకండి, స్విచ్ ఎక్కడో చెప్పండి చాలు."

అక్క ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అడిగిన ప్రయాణికుడికి ప్లాట్‌ఫారం చూపించిన గొంతుతో, ప్రతి అక్షరం విడివిడిగా చెప్పింది.

"మీ కుడిచేతి పక్కనేనండీ."